చప్పట్ల వలయం నడుమ మైకు: సరౌండ్ రికార్డింగ్, లూప్ టెంపో లెక్కలు

పోయిన సద్దుల బతుకమ్మ నాడు మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పాట రికార్డ్ చేసుకొచ్చాను. పరకాల వైపు చిన్న ఊరు. చెరువు గట్టు కింద ఖాళీ జాగాలో బతుకమ్మలు పెట్టి, చుట్టూ ముప్పై మంది దాకా ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, నడుమ నాలుగు మైకులు, డప్పు దగ్గర ఒకటి. హనుమకొండలో మా మేడ మీది గదికి వచ్చి ఆ పాట కింద ఒక డోలు లూప్ (తిరిగి తిరిగి మోగే చిన్న ముక్క) వేద్దామని కూర్చుంటే రెండు రాత్రులు తిప్పలు పడ్డాను. మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణానికి లూప్ దారి లూప్‌ది, చప్పట్ల దారి చప్పట్లది. సరే అని పాటనే సాగదీసి లూప్‌కు కలిపాను. దరువు కలిసింది. కానీ అప్పటిదాకా నా చుట్టూ తిరుగుతున్న గొంతులు చెదిరిపోయి, ఏ దిక్కు నుంచి వస్తున్నాయో తెలియని రొదలా మారాయి.

వరంగల్, కరీంనగర్, సిరిసిల్ల వైపు యూట్యూబ్ కోసం జానపద పాటలు చేసే పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఈ మొదటి చిక్కు తెలుసు. సరౌండ్ వైపు, అంటే చుట్టూ నుంచి వినిపించే రికార్డింగ్ వైపు, వచ్చినవాళ్లకు రెండోదీ తెలుస్తుంది. రెండింటినీ విడివిడిగా చూస్తాం. కానీ రెండింటి మూలం ఒక్కటే: కాలం. దెబ్బ ఎప్పుడు పడిందన్నది తాళం. అదే దెబ్బ ఒక మైకుకూ ఇంకో మైకుకూ ఎంత తేడాతో చేరిందన్నది దిక్కు. అందుకే తాళాన్ని సరిచేయడానికి చెయ్యి పెడితే దిక్కు చెడుతుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే నా రెండు రాత్రులు మిగిలేవి.

ముందు తాళం లెక్క చూద్దాం. టెంపో అంటే పాట వేగం. దాన్ని కొలిచే బీపీఎం అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలు అని. 60ని దానితో భాగిస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎన్ని సెకన్లో వస్తుంది. 120 అయితే అర సెకను. 92 అయితే 652 మిల్లీసెకన్లు. ఒక లూప్ టెంపో తెలియనప్పుడు సాఫ్ట్‌వేర్‌ను అడిగే ముందు మనమే చూసుకోవచ్చు. లూప్‌లో ఎన్ని దెబ్బలున్నాయో లెక్కపెట్టి, 60తో గుణించి, లూప్ ఎన్ని సెకన్లుందో దానితో భాగించాలి. 16 దెబ్బలు 9.6 సెకన్లలో అయిపోతే సరిగ్గా 100. అదే 9.7 సెకన్లు చూపిస్తే 98.97 వస్తుంది. ఇలాంటి దశాంశాల అంకె కనబడితే లూప్ చివర ఖాళీ మిగిలిందేమో చూడాలి. ఎంపీ3 ఫైళ్లలో ఇది మామూలే. ఆ ఫార్మాట్‌లోకి మార్చేటప్పుడు మొదట్లోనూ చివరా కొంచెం నిశ్శబ్దం చేరుతుంది. పాట వినడానికి అది అడ్డం రాదు. కానీ తిరిగి తిరిగి వచ్చే లూప్‌లో ప్రతి చుట్టుకూ ఒక చిన్న కుంటు పడుతుంది. లూప్‌లకు వేవ్ ఫైళ్లే వాడాలి.

ఒక్క బీపీఎం తేడా ఏం చేస్తుందిలే అనుకుంటాం. పాట 92లో, లూప్ 93లో ఉందనుకోండి. అర నిమిషంలో పాట 46 దెబ్బలు వేస్తే లూప్ 46న్నర వేస్తుంది. అంటే అర నిమిషానికల్లా పాట దెబ్బ పడే చోట లూప్ ఖాళీగా ఉంటుంది, పాట ఖాళీలో లూప్ దెబ్బ పడుతుంది. నా రెండో చరణం దగ్గర జరిగింది ఇదే. పైగా మా పాట 92లోనే నిలబడలేదు. మొదలుపెట్టినప్పుడు 92, నడుమ 97, చివరికి 104 దాటింది. అది తప్పు కాదు. వలయంలో తిరిగే కాళ్లకు ఊపు వచ్చే కొద్దీ పాట వేగం పెరుగుతుంది. డప్పు కొట్టే ఆయన ఆ కాళ్లను చూసే కొడతాడు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. చాలామంది దాన్ని టెంపో సమస్య అనుకుని గంటలు పోగొట్టుకుంటారు. ఆ రోజు నేను రికార్డ్ చేసిన పాట తిశ్ర నడక. ఒక్కో చప్పట్లో తకిట అని మూడు మాత్రలు. నిమిషానికి 92 చప్పట్లంటే 276 మాత్రలు. సాఫ్ట్‌వేర్ మాత్రలను మాత్రమే పట్టుకుని, వాటిని మూడేసి కాకుండా రెండేసి గుంపులు కడితే 138 అని చూపిస్తుంది. నాలుగేసి కడితే 69 అంటుంది. నాకు మొదట 138 అనే చూపించింది. 70ని 140గా, 140ని 70గా చూపించే పొరపాటు మనకు అలవాటే, రెట్టింపో సగమో చేసుకుంటే సరిపోతుంది. కానీ తిశ్రం విషయంలో సగం చేసినా రెట్టింపు చేసినా అసలు అంకె రాదు. చేత్తో చప్పట్లు కొడుతూ ట్యాప్ టెంపో బటన్ నొక్కి చూడటమే నమ్మదగిన దారి. ఇంకో మాట. టెంపో సరిగ్గా కలిసినా, తకధిమి అని నాలుగు మాత్రల్లో నడిచే లూప్ తకిట పాట కింద కూర్చోదు. ఎంత సాగదీసినా కూర్చోదు. మార్కెట్లో దొరికే లూప్‌లలో ఎక్కువ భాగం నాలుగు మాత్రలవే. బతుకమ్మ పాట కింద డీజే లూప్ వేస్తే పాట ఈడ్చినట్టు వినిపించడానికి చాలాసార్లు ఇదే కారణం. అలాంటప్పుడు తిశ్రం లూప్ వెతకాలి, లేదా డప్పు ఆయనను పిలిచి నాలుగు చుట్లు కొట్టించుకోవాలి. నేనైతే రెండోదే మేలంటాను.

లూప్ వేగం మార్చడానికి మూడు పద్ధతులున్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా ఏదో పేరుతో ఈ మూడే కనిపిస్తాయి. మొదటిది పాత టేప్ పద్ధతి. వేగం తగ్గిస్తే శ్రుతి కూడా దిగుతుంది. 100 లూప్‌ను 92కు దించితే శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పడిపోతుంది. డప్పుకు, డోలుకు ఇది కొన్నిసార్లు ఎంతో బాగుంటుంది. డప్పు కొట్టేవాళ్లు మంట దగ్గర చర్మాన్ని కాచుకుంటారు కదా. కాచిన వెంటనే గొంతు పైకి ఉంటుంది, చల్లారే కొద్దీ చర్మం వదులై కిందికి వస్తుంది. అంటే ఒకటిన్నర స్వరస్థానం దిగిన డప్పు వినేవాళ్ల చెవికి కొత్తేమీ కాదు. నకిలీగా అనిపించదు. హార్మోనియం ఉన్న లూప్‌కు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, పాట శ్రుతితో కొట్లాట పెట్టుకుంటుంది.

రెండోది ముక్కలు చేసే పద్ధతి. 1994లో వచ్చిన రీసైకిల్ అనే ప్రోగ్రాంతో ఇది స్టూడియోల్లో పాకింది. లూప్‌ను ప్రతి దెబ్బ దగ్గరా కోసి, ఆ ముక్కలను కొత్త టెంపో గీతల మీద పేర్చడం. దెబ్బ మొన చెక్కు చెదరదు, శ్రుతి మారదు. వేగం బాగా తగ్గిస్తే ముక్కల మధ్య ఖాళీలు వినబడతాయి, డోలు మోత మధ్యలో తెగినట్టు ఉంటుంది. కాబట్టి తోకను కొంచెం పొడిగించే ఏర్పాటు వాడుకోవాలి. మూడోది సాగదీత. శబ్దాన్ని చిన్న చిన్న తునకలుగా తీసుకుని, ఒకదాని మీద ఒకటి కొంచెం కప్పుతూ, కొన్నింటిని మళ్లీ వాడుతూ నిడివి పెంచడం. గొంతుకు, సన్నాయికి, హార్మోనియానికి ఇదే సరి. డప్పు మీద వాడితే మాత్రం సిటికెన పుల్ల చిటుకుమనే మొన మొద్దుబారుతుంది, ఒక్కోసారి ఒకే దెబ్బ రెండుగా వినిపిస్తుంది. లూప్‌ను పాటలో పడేయగానే టెంపోకు దానంతటదే కలిసిపోయే సౌకర్యాన్ని 1998లో సోనిక్ ఫౌండ్రీ వాళ్ల యాసిడ్ అనే ప్రోగ్రాం ఇంటి కంప్యూటర్లలోకి తెచ్చింది. 2001లో ఏబుల్టన్ లైవ్ దాన్ని స్టేజీ మీదికి ఎక్కించింది. ఆ సౌకర్యం మనకు ఒక చెడ్డ అలవాటు కూడా చేసింది. సాఫ్ట్‌వేర్ తనకు తోచిన పద్ధతిని ఎంచుకుంటే దాన్నే ఉంచేస్తున్నాం. లైవ్‌లో దెబ్బలకు సరిపోయే బీట్స్ పద్ధతి ఉండాల్సిన చోట, మొత్తం పాటలకు ఉద్దేశించిన కాంప్లెక్స్ పెట్టి, డప్పు మెత్తబడిందని మైకును తిట్టేవాళ్లను చూశాను.

పాట వేగం మారుతూ పోతున్నప్పుడు ఒకే అంకె ఎలా పనికొస్తుంది? పనికిరాదు. పాట పొడవునా టెంపో మ్యాప్ గీయాలి. ప్రతి ఆవర్తంలో (తాళం ఒక చుట్టులో) మొదటి చప్పట ఎక్కడ పడిందో అక్కడ ఒక గుర్తు పెట్టుకుంటూ పోతే, రెండు గుర్తుల మధ్య టెంపో ఎంతో సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి గీతలను వంచుతుంది. రీపర్, క్యూబేస్, లాజిక్, అన్నింట్లో ఈ పని చేయొచ్చు. లైవ్‌లో అయితే పాట క్లిప్‌కే టెంపో పెత్తనం అప్పగించే ఏర్పాటు ఉంది. మ్యాప్ పడ్డాక లూప్ తనంతట తాను పాట వెనక నడుస్తుంది. ప్రతి దెబ్బకూ గుర్తు పెట్టకండి. మనిషి చేతిలో ఉండే చిన్న ముందువెనకలన్నీ లూప్‌కు టెంపో మార్పులైపోయి, అది వణికినట్టు నడుస్తుంది. పాట నిలకడగా ఉన్నచోట రెండు ఆవర్తాలకు ఒకటి, వేగం పెరిగేచోట ఆవర్తానికి ఒకటి నాకు సరిపోయాయి. ఒగ్గు కథ రికార్డ్ చేసేవాళ్లకు ఇంకో జాగ్రత్త కావాలి. కథకుడు పాట ఆపి వచనంలోకి దిగుతాడు, సహ కథకుడు మాట కలుపుతాడు, ఆ తర్వాత డోళ్లు మళ్లీ ఎత్తుకునే వేగం వేరు. వచనం మీదుగా మ్యాప్ లాగితే అర్థం లేని అంకెలు వస్తాయి. అక్కడ తెంచి, డోలు ఎత్తుకున్న చోట కొత్తగా మొదలుపెట్టాలి.

ఇక దిక్కు సంగతి. ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గర రికార్డ్ చేయాలని నాకు చాలా కోరిక. వెళ్లాను కూడా. అంత జనంలో, అన్ని లౌడ్‌స్పీకర్ల మధ్య మైకుకు ఒక వలయం అంటూ దొరకదు. అందుకే ఊరికి పోయాను. అక్కడా మైకు స్టాండ్ ఎక్కడ పెట్టాలన్నది నేనొక్కణ్ణే తేల్చుకునే విషయం కాదు. వలయం నడుమ ఉండేది బతుకమ్మలు. నేను స్టాండ్ పట్టుకుని నిలబడితే పెద్దమ్మ వచ్చింది. "గా కట్టె గౌరమ్మ ముంగట పెట్టకు బిడ్డా, గిటు పక్కకు పెట్టుకో" అని చోటు చూపించింది. సరిగ్గా నడిమధ్యకు అడుగున్నర తేడాతో పెట్టాను. రికార్డింగ్‌కు దాని వల్ల ఏ లోటూ రాలేదు.

నేను వాడింది చవకైన పద్ధతి. నాలుగు కార్డియాయిడ్ మైకులు (ముందు వైపు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టేవి) నాలుగు దిక్కులకు మొహం పెట్టి, పక్కపక్కవాటి మధ్య 25 సెంటీమీటర్ల దూరంలో. ఐఆర్‌టీ క్రాస్ అంటారు దీన్ని. ఒకే వేదిక మీది కచేరీకి స్టీరియో చాలు, కానీ చుట్టూ శబ్దం ఉన్న చోట నాలుగు వైపులా వినే చెవులు కావాలి. ఇంకో దారి అంబిసోనిక్ మైకు. 1970లలో ఇంగ్లండ్‌లో మైకేల్ గెర్జన్ ముఖ్యంగా రూపుదిద్దిన పద్ధతి అది. ఒకే తలలో నాలుగు చిన్న మైకులు నాలుగు మూలలకు చూస్తుంటాయి. వాటి నుంచి సాఫ్ట్‌వేర్ నాలుగు ఛానళ్లు తయారుచేస్తుంది: మొత్తం శబ్దం ఒకటి, ముందువెనకల తేడా ఒకటి, ఎడమకుడుల తేడా ఒకటి, పైకిందల తేడా ఒకటి. ఇందులో పెద్ద సుఖం ఏమిటంటే, ముందు దిక్కు ఏదన్నది ఇంటికొచ్చాక నిర్ణయించుకోవచ్చు, వలయం మొత్తాన్ని తిప్పుకోవచ్చు. ఒక్క చోట మోసపోవచ్చు. ఆ నాలుగు ఛానళ్ల వరుసకు పాతది ఒకటి, ఇప్పుడు ఎక్కువగా వాడే అంబిఎక్స్ ఒకటి ఉన్నాయి. మైకు పాత వరుసలో ఇస్తే, సాఫ్ట్‌వేర్ ప్లగిన్ దాన్ని అంబిఎక్స్ అనుకుని చదివితే కుడిఎడమల్లో ఉన్నవాళ్లు కిందికీ పైకీ పోతారు.

వరుస గొడవ 5.1లోనూ (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) ఉంది. వేవ్ ఫైళ్లలో మామూలుగా ఎడమ, కుడి, నడుమ, ఎల్‌ఎఫ్‌ఈ (లోతైన మోతలకు మాత్రమే ఉండే ఛానల్), వెనక ఎడమ, వెనక కుడి అని వస్తాయి. సినిమా వరుసలో ఎడమ, నడుమ, కుడి, వెనక ఎడమ, వెనక కుడి, ఆఖరున ఎల్‌ఎఫ్‌ఈ. సినిమా వరుసలో ఉన్నదాన్ని వేవ్ వరుస అనుకుని తెరిస్తే వెనక ఎడమ గొంతులు సబ్‌వూఫర్‌లోకి పోతాయి. నాకు ఒకసారి అలాగే అయింది, వలయంలో ఒక వైపు మనుషులే లేరేమిటని అరగంట వెతికాను. స్పీకర్లు పెట్టేటప్పుడు ముందువి రెండూ నడుమ గీత నుంచి 30 డిగ్రీలకు, వెనకవి 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) ప్రమాణం. అంటే అవి మన వీపు వెనక కాదు, భుజాల కన్నా కొంచెం వెనక. కుర్చీకి ఒక తాడు కట్టి అదే తాడుతో అన్నింటికీ దూరం కొలిస్తే గది చిన్నదైనా పని జరుగుతుంది.

ఇప్పుడు నా పాట ఎందుకు రొదలా మారిందో చెప్పగలను. 25 సెంటీమీటర్లు దాటడానికి శబ్దానికి పట్టేది 0.7 మిల్లీసెకను. 48,000 శాంపిల్ రేటులో, అంటే సెకనుకు శబ్దాన్ని 48,000 సార్లు కొలిచే లెక్కలో, అది 35 శాంపిళ్లు. ఎడమ ముందు మైకుకూ కుడి ముందు మైకుకూ మధ్య ఉండే తేడా ఎక్కువలో ఎక్కువ అంతే. మన రెండు చెవుల మధ్య తేడా కూడా దాదాపు అంతే. మెదడు దిక్కును పట్టుకోవడానికి ఈ సన్నటి ఆధారం, దానితోపాటు శబ్దం హెచ్చుతగ్గులు చాలు. సాగదీసే అల్గారిథం తునకలను అతికేటప్పుడు, అతుకు వినబడని చోటు కోసం కొన్ని మిల్లీసెకన్లు అటూఇటూ జరుగుతుంది. నేను నాలుగు ఛానళ్లను నాలుగు వేరు ట్రాకులుగా సాగదీశాను. ఒక్కో ట్రాకులో అతుకు ఒక్కో చోట పడింది. 0.7 మిల్లీసెకను మీద నిలబడ్డ దిక్కు, కొన్ని మిల్లీసెకన్ల చిందరవందరలో ఎలా మిగులుతుంది?

కాబట్టి సరౌండ్ రికార్డింగ్‌ను ముట్టుకోకూడదు. సాగాల్సింది, తగ్గాల్సింది లూప్. పాటకు టెంపో మ్యాప్ గీసి లూప్‌ను దాని వెనక నడిపించడం మర్యాద కోసం మాత్రమే చేసే పని కాదు, దిక్కు నిలబడాలంటే అది తప్పదు. ఏదో కారణంగా పాటనే సాగదీయాల్సి వస్తే నాలుగు ఛానళ్లనూ ఒకే మల్టీఛానల్ ఫైలుగా పెట్టి, ఫేజ్ లాక్ ఉన్న పద్ధతిలో, అతుకులన్నీ ఒకేచోట పడేలా చేయాలి. రీపర్‌లో ఒకే ఐటమ్‌గా ఉంచడం, లాజిక్‌లో ఫేజ్ లాక్ చేసిన గ్రూపుగా కట్టడం అందుకే.

దూరం కూడా కాలమే. శబ్దం మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. మా డప్పు ఆయన నడిమి మైకులకు 7 మీటర్ల దూరంలో నిలబడ్డాడు. ఆయన దగ్గరి మైకులో పడిన దెబ్బ నడిమి మైకులకు 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపి వింటే మొన చీలినట్టు ఉంటుంది. దగ్గరి మైకును 20 మిల్లీసెకన్లు ఆలస్యం చేయగానే డప్పు ఒక్కటై, తన చోట తాను నిలబడింది. లూప్‌ను ఏ మైకుకు కలపాలన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే దొరికింది. వినేవాడు నడిమిలో ఉన్నాడు కాబట్టి నడిమి మైకులకు చేరిన దెబ్బే లెక్క. టెంపో మ్యాప్ గుర్తులు వాటి మీదే పెట్టాను.

రెండు వేరు రికార్డర్లు వాడితే ఇంకో పొర చేరుతుంది. ఒక్కో దానిలో గడియారం ఒక్కో తీరు. పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లు దూరమవుతాయి. అందుకే ఆరు ట్రాకుల రికార్డర్ ఒకటి అద్దెకు తెచ్చి అన్నీ దానిలోకే ఇచ్చాను. ఎంత తక్కువ ఖర్చు పెట్టేవాళ్లయినా ఈ ఒక్క అద్దె ఇచ్చుకోండి. శాంపిల్ రేటు మొదటి నుంచి చివరి వరకు 48,000 ఉంచండి. 48,000లో తీసిన ఫైలును 44,100 అనుకుని ఆడిస్తే 100 టెంపో 92 దగ్గరకు పడిపోతుంది, శ్రుతి కూడా దిగుతుంది. అది లూప్ తప్పు అనుకుని రాత్రంతా కూర్చునే ప్రమాదం ఉంది.

మిక్సింగ్‌లో లూప్‌ను ఎక్కడ నిలబెట్టాలన్నది రుచికి సంబంధించింది. నేను దాన్ని వలయం బయట, డప్పు ఉన్న వైపే, కొంచెం లోతుగా పెట్టాను. నడుమ స్పీకర్లో పెడితే బతుకమ్మల మీద డోలు పెట్టినట్టు అనిపించింది. డోలు మోతను ఎల్‌ఎఫ్‌ఈలోకి మాత్రమే పంపి మురిసిపోవద్దు. ఎల్‌ఎఫ్‌ఈ అన్నది ఒక ఛానల్, సబ్‌వూఫర్ అన్నది ఒక పెట్టె. 5.1ను స్టీరియోకు కుదించేటప్పుడు సాధారణంగా ఎల్‌ఎఫ్‌ఈని వదిలేస్తారు. ఫోన్‌లో వినేవాళ్లకు ఆ మోతే అందదు. వెనక ఛానళ్లు మామూలుగా 3 డెసిబెళ్లు తగ్గి ముందువాటిలో కలుస్తాయి. కాబట్టి స్టీరియోలో విని సరిచూడకుండా ఏదీ బయటకు పంపకూడదు. మన శ్రోతల్లో ఎక్కువమంది చెవిలో ఇయర్‌ఫోన్లే ఉంటాయి. అందుకే బైనారల్ ప్రతి ఒకటి తప్పకుండా చేస్తాను. రెండు చెవులకు సరిపోయేలా దిక్కును లెక్కకట్టి ఇచ్చే పద్ధతి అది. సంక్రాంతికి ఊరు పోయినప్పుడు పెద్దమ్మ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి అది వినిపించాను. కాసేపు విని భుజం మీదుగా వెనక్కి తిరిగి చూసింది. "మా తోటికోడలు ఎనకాల పాడుతున్నట్టే ఉన్నది" అంది.

పాట చివరి మూడు చుట్లు మాత్రం నేను ఎంత గుర్తులు పెట్టినా లొంగలేదు. అక్కడ ఆవర్తానికీ ఆవర్తానికీ వేగం 104 నుంచి 110 దాకా ఎగబాకుతుంది. డప్పు ఆయన ఒక్కో దెబ్బ వదిలేసి మళ్లీ అందుకుంటాడు, నవ్వులు, ఈలలు. లూప్ ప్రతి గుర్తు దగ్గరా తడబడుతూ పరుగెత్తుతున్నట్టు వినిపించింది. ముక్కల పద్ధతిలో చూశాను, సాగదీత పెట్టి చూశాను, గుర్తులు దగ్గర దగ్గరగా వేసి చూశాను. ఆఖరుకు ఆ మూడు చుట్ల ముందు ఒక ఆవర్తం పొడవునా లూప్‌ను మెల్లగా తగ్గించి, అక్కడి నుంచి ఆ ట్రాక్‌ను మ్యూట్ చేసి ఉంచాను.